కొమ్ముపిట్టకు పురుడు పోసిన కంబక్క

కానల మోడులఁ గాయించు తల్లి
దీనుల గూళులఁ దీపించు తల్లి
జానుగ మా నోటఁ జరియించు తల్లి
మానక మమ్మేలు మా తల్లి నీవు

వనదేవతకు మొక్కి, వాగ్దేవికి మొక్కి, వినవచ్చిన మీకు మొక్కి ఈ కథ చెబుతున్నాను. ఇది రాజుల కథ కాదు, రాణుల కథ కాదు, ఋషుల కథ కాదు. ముళ్ళపొదల సీమలో పదిమందికి పురుళ్ళు పోసి బతికిన కంబక్క కథ. ఆమె చేతి చలువన బతికిన ఒక పక్షి కథ.

ఏటికి పేరు పెట్టక ముందు, కొండకు కోట కట్టక ముందు, మన తాతలకు తాతలైనవారు ఇంకా ఉయ్యాలలో ఊగుతున్న కాలాన, చండ్రగుంట్ల అనే ఊరు ఉండేది. అక్కడ నేల ఎరుపు, రాయి నలుపు, చెట్టు పొట్టి. తుమ్మ, చండ్ర, బలుసు, కలే, రేగు. అన్నీ ముళ్ళే. నీడ అంటే జల్లెడలోంచి రాలిన ఎండ. అయినా ఆ నేలను నమ్ముకొని మనుషులు బతికారు, మేకలు బతికాయి, పక్షులు బతికాయి.

ఆ ఊరి చివర, బోదగడ్డి కప్పిన కొట్టంలో కంబక్క ఉండేది. మంత్రసాని. ఊళ్ళో నడిచేవారిని, పరుగెత్తేవారిని, పెత్తనం చేసేవారిని అందరినీ ఈ లోకాన మొట్టమొదట తాకినవి ఆమె చేతులే. అయినా బారసాలనాడు ఆమెకు పిలుపు ఉండేది కాదు. పురిటి మైల అంటిన చెయ్యి అని ఆమెను పెరటి గుమ్మం దగ్గరే ఆపేవారు. ఒక విస్తరిలో సంకటి, ఒక పాతచీర, ఒక దోసిలి కొర్రలు. అవే ఆమె సంభావన. కంబక్క వాటిని కళ్ళకద్దుకొని పుచ్చుకునేది. తక్కువ చేశారని ఏనాడూ ఎవరితోనూ అనలేదు.

ఇక ఆ పక్షి సంగతి చెప్పాలి.

దాని ఒళ్ళు నిప్పు ఆరిన బూడిద రంగు. పొట్ట ఇంకాస్త తెలుపు. కంటి మీద విభూతి రేఖ వంటి లేత చార. ఆ కంటికి మన కళ్ళకున్నట్టే రెప్పవెంట్రుకలు. ముక్కు కొడవలిలాగా వంగి ఉంటుంది. ఆ ముక్కు మీద మరొక చిన్న కొమ్ము. అందుకే ఆ సీమవారు దానిని కొమ్ముపిట్ట అన్నారు. తోక పొడుగు. తోక కొనకు తెలుపు, ఆ తెలుపుకు పైన నల్లని పట్టె, అంచు నేసిన చీరలాగా. కొమ్మే దానికి ఊరు, కొమ్మే దానికి ఇల్లు. నేల మీదికి దిగడం అరుదు. ఎగిరేటప్పుడు నాలుగుసార్లు రెక్క కొట్టి, ఆపై రెక్క చాచి జారుతుంది. మళ్ళీ కొట్టి, మళ్ళీ జారుతుంది. పండు దాని ప్రధానాహారం. తిన్న పండులోని గింజను ఎక్కడెక్కడో రాలుస్తూ పోతుంది. తాను తిన్న చెట్టుకు సంతానాన్ని ఇచ్చి ఋణం తీర్చుకొనే పక్షి అది.

ఊరికి పడమట, గుట్టవాలున ఒక ముసలి నారేప చెట్టు ఉండేది. దాని మానులో మనిషి ఎత్తుకు మూడింతల మీద ఒక తొర్ర. ఉగాది పోయిన వారానికి కొమ్ముపిట్టల జంట ఒకటి ఆ తొర్రను చూసింది. మొదటినాడు రెండూ తొంగిచూశాయి. రెండవనాడు ఆడది లోపలికి పోయింది. మూడవనాటి నుండి మగది ముక్కున తడిమట్టి ముద్దలు తేసాగింది. చూస్తూ ఉండగానే తొర్ర మూసుకుపోయింది. వేలు పట్టేంత సందు మిగిలింది. ఆ సందులోంచి ముక్కుకొన కనిపించేది. మగది పండు తెచ్చి ఆ ముక్కుకు అందించేది.

మేకల కాపరి కాటమయ్య ఇదంతా గుట్ట మీదినుంచి చూశాడు. చూసినవాడు ఊరుకున్నాడా? బావి దగ్గర నీళ్ళు చేదుతున్న సుంకమ్మతో చెప్పాడు. సుంకమ్మకు చెప్పడమంటే ఊరంతటికీ చెప్పడమే.

"సుంకక్కా, ఒక వింత చూసినా. కొమ్ముపిట్ట మొగుడు పెండ్లాన్ని తొర్రలో పెట్టి మట్టితో మూసేసినాడు."

"ఏం తప్పు చేసిందంట?"

"పిట్ట నాకు చెప్పిందా?"

"ఎగిరిపోతాదని అనుమానమేమో. మగోనికి అనుమానం వస్తే అంతే."

"కూడు తెచ్చి పెడతాండాడు మరి, మూడు పూటలా."

"మా మామ మా అత్తకు కూడు పెట్టలేదా? బాగానే పెట్టినాడు. గడప దాటనిచ్చినాడా?"

ఆ మాట నెలకు పైగా ఊళ్ళో నలిగింది. చెరలో పడిన ఆ ఆడపక్షిని తలచుకొని ఆడవారు నిట్టూర్చారు. మగవారు మాట మార్చారు.

అంతలో ఊరమ్మ పండుగ వచ్చింది. చండ్రగుంట్లలో ఒక ఆచారం ఉంది. దాని పేరు విడుపు. కృత్తిక కార్తెలో, ఊరమ్మ పేరిట నెత్తిన మోసుకుపోయే పండుగ కుండ ఊరు దాటక ముందు, ఊరిపెద్ద మూడు ప్రాణులకు చెర విడిపించాలి. పలుపు విప్పి ఒక దూడను వదలాలి. బుట్ట తెరిచి ఒక కముజుపిట్టను వదలాలి. మూడవది ఎవరి చెర కంటబడితే వారిని వదలాలి. ముగ్గురిని విడిపిస్తే ఊరమ్మ మేఘాన్ని విడిపిస్తుందని నమ్మకం.

అప్పటికి మూడేళ్ళుగా వానలు లేవు. ఊరిపెద్ద బసిరెడ్డి మంచివాడే గాని తొందర మనిషి. దూడను వదిలాడు. కముజును వదిలాడు. మూడవ చెర కోసం ఊరంతా చూశాడు. ఎక్కడా లేదు. అప్పుడు సుంకమ్మ అంది:

"ఎదురుగ్గా ఉంటే యాడ వెతుకుతావు రెడ్డీ? ఆ నారేప చెట్టులో ఆడకూతురు నెల పైబడి మగ్గుతాండాది."

ఊరంతా కదిలింది. నిచ్చెన వచ్చింది. వడ్రంగి బాడిస వచ్చింది. డప్పు వచ్చింది. చెర పెట్టినవాడు అడ్డం వస్తాడని కాటమయ్య ముందుగా పోయి వడిసెలలో రాయి పెట్టి తిప్పాడు. పండుతో తిరిగివస్తున్న మగపక్షికి రెక్క మీద దెబ్బ తగిలింది. పొదలో పడింది. దాని నోటిలోని జువ్విపండు దూరంగా దొర్లింది.

బసిరెడ్డి నిచ్చెన ఎక్కి మట్టిగోడ మీద బాడిసతో ఒక్క దెబ్బ వేశాడు. అరచేయంత పెళ్ళ ఊడింది. లోపలికి చూసి ఉలిక్కిపడ్డాడు. ఆడపక్షి రెక్కలకు ఈకలు సరిగా లేవు. మొలకల వంటి పుల్లలు మాత్రం కనిపించాయి.

"ఈకలు గూడా పీకేసినాడు పాపిష్టోడు," అన్నాడు కిందివారితో. కింద ఆడవారు చెంపలు వేసుకున్నారు.

ఆ సమయానికి కంబక్క గుట్ట మీద బాలింత కషాయానికి ఆకు కోసుకుంటున్నది. డప్పు విని వచ్చింది. పొదలో పక్షిని చూసింది, చెట్టు మీద బాడిసను చూసింది, జరిగింది తెలుసుకుంది.

"ఆగు నాయనా బసిరెడ్డీ."

"జరుగు కంబక్కా. మూడో విడుపు ఇది."

"నువ్వు పుట్టిననాడూ ఇంతే తొందర నీకు. ఎనిమిదో నెల నిండకనే వస్తివి. నీళ్ళు కాగలేదు, గుడ్డ పరచలేదు, నువ్వు మాత్రం వస్తివి. ఈ పొద్దన్నా కొంచెం ఆగు."

జనం నవ్వారు. బసిరెడ్డి నవ్వలేదు గాని బాడిస దించాడు.

"ఆ సందులోకి చూస్తా ఉండు. చూసింది చూసినట్టు చెప్పు," అంది కంబక్క.

బసిరెడ్డి చూశాడు. కొంతసేపటికి కిందికి వంగి అన్నాడు: "లోపలిదే... లోపలినుంచే మెత్తుతాండాది. ఊడిన కాడ ముక్కుతో మళ్ళా మెత్తుతాండాది."

"చెరసాలకు లోపలుండే మనిషి గోడ కడతాదా రెడ్డీ?"

డప్పు కొట్టేవాడు డప్పును చంకన పెట్టుకున్నాడు. ఆ నిశ్శబ్దంలో తొర్రలోంచి సన్నని కీచుగొంతులు వినిపించాయి.

కంబక్క అంది: "ఈకలు ఎవరూ పీకలేదు. తనే రాల్చింది. కొత్తవి వచ్చేదాకా ఎగరలేదు. బిడ్డల్ని పెట్టుకొని, తలుపు వేసుకొని కూచుంది. అది పురిటిగది నాయనా. మీరు తీయబోయింది సంకెల కాదు. బాలింత ఒంటిమీది దుప్పటి."

కాటమయ్య తన చేతిలోని వడిసెలను చూసుకున్నాడు. "మరి నేను కొట్టింది ఎవర్ని అవ్వా?"

"కూడు తెచ్చే మొగుణ్ణి."

కాటమయ్య వడిసెలను రెండు తుంటలు చేశాడు. సుంకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సుంకమ్మ నోరు మూతపడడం ఆ ఊరు చూడడం అదే మొదలు.

అయినా బసిరెడ్డికి ఊరి భయం ఉంది. నిచ్చెన దిగి అన్నాడు: "నీ మాట నిజమే అక్కా. కానీ మూడో విడుపు కాకుంటే కుండ ఊరు దాటదు. కుండ దాటకుంటే వాన రాదని ఊరంతా నన్ను నిలదీస్తాది. నేనేం చెప్పాల?"

"అది తనంతట తాను వస్తాది. అదే మూడో విడుపు అనుకో."

"ఎప్పుడొస్తాది?"

"పిట్టల లెక్క నాకు తెలీదు. రెక్కలొచ్చినప్పుడు వస్తాది."

"అంతదాకా కూడెవరు పెడతారు? మొగుడు రెక్క విరిగి పడినాడు గదా."

"నేను పెడతా."

చివరికి బసిరెడ్డి తీర్పు చెప్పాడు. "మృగశిర కార్తె తొలిపొద్దు దాకా కుండను ఆపుతా. అప్పటికి రాకుంటే గోడ కొట్టేస్తా. అంతేకాదు కంబక్కా, నీ మాట నమ్మి ఊరు చెడితే, ఇంక ఈ ఊళ్ళో ఏ పురిట్లోనూ నీ చెయ్యి పడదు."

కంబక్కకు ఆ చేతిపని తప్ప వేరే ఆధారం లేదు. వేరే ఊరు లేదు. "సరే నాయనా," అంది.

ఆనాటినుండి ఆ ముసలితల్లి తపస్సు మొదలైంది. ముందు మగపక్షి రెక్కకు తన పాతచీర చింపి కట్టు కట్టింది. దానిని గంపలో పెట్టి, ఆ నారేప చెట్టు కొమ్మకే గంపను కట్టించింది. లోపలిదానికి మగని గొంతు వినిపించాలని ఆమె ఉద్దేశం. తరువాత రెండు కోసుల దూరంలోని వాగువంకకు పోయి, జువ్విపండ్లు ఏరి, కొంగున కట్టుకొని వచ్చి నిచ్చెన ఎక్కింది.

మొదటినాడు చేత్తో పండు అందించింది. సందులోని ముక్కు వెనక్కు పోయింది.

రెండవనాడు ఆకు దొన్నెలో పెట్టి అందించింది. ముక్కు వెనక్కు పోయింది. లోపలి కీచుగొంతులు సన్నగిల్లాయి.

మూడవనాడు కంబక్క పైకి ఎక్కలేదు. చెట్టు కింద కూచొని, నిన్న మొన్నటిదాకా మగపక్షిని చూసిన కాటమయ్యను పిలిచింది. "వాడు ఎట్ట పెట్టేవాడు నాయనా? చూసినోడివి నువ్వే గదా. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

కాటమయ్య కళ్ళు మూసుకొని చెప్పాడు. "ముందు ఎడమపక్క బెరడు పట్టుకొని వాలేవాడు. ముక్కుతో మూడుసార్లు కొట్టేవాడు. టక్, టక్, టక్. లోపలినుంచి ఒక్కసారి పలికేది. అప్పుడు గాని పండు ఇచ్చేవాడు కాదు."

కంబక్క వెదురుపుల్లను కొన చీల్చి వంచింది. అది పక్షి ముక్కులాగా అయింది. ఆ చీలికలో పండు పెట్టింది. నిచ్చెన ఎక్కి ఎడమపక్కకు ఒరిగింది. బెరడు మీద మూడుసార్లు కొట్టింది. టక్, టక్, టక్. కాసేపు ఏమీ లేదు. గంపలోని మగపక్షి సన్నగా కూసింది. అప్పుడు లోపలినుంచి ఒక్కసారి, టక్. ముక్కు ముందుకు వచ్చింది. పండు పోయింది.

కంబక్క నిచ్చెన మీదే కళ్ళు తుడుచుకుంది. ఆమె చేతుల మీదుగా ఎందరో పుట్టారు గాని, ఆమెను ఎవరూ అంతసేపు పరీక్షించి, అంతగా నమ్మి, చెయ్యి చాచలేదు.

ఆపై రోజూ మూడు పూటలు. కృత్తిక ఎండలు పోయి రోహిణి ఎండలు వచ్చాయి. రాళ్ళు పగిలే ఎండలు. కంబక్క అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఆకు చుట్టి నార కట్టుకొని నడిచేది. వంకలో జువ్విపండ్లు తగ్గితే కలేపండ్లు తెచ్చేది. పిల్లలకు పురుగు కావాలని కాటమయ్య మేకల వెంట తిరుగుతూ మిడతలు పట్టి దొప్పలో తెచ్చేవాడు. మొదట నవ్విన ఊరు, మెల్లగా చెట్టు మొదట పండ్లు పెట్టిపోసాగింది. ఎవరు పెట్టారో ఎవరూ చెప్పేవారు కాదు.

ఒకనాడు సుంకమ్మ దొప్పెడు రేగుపండ్ల వడియాలు తెచ్చింది. "అక్కా, గంపలో అల్లుడు ఎట్టుండాడు? మర్యాదలు సరిగ్గా జరగతాండాయా?"

"అల్లుడికేం, కూచొని తింటాండాడు. అందరి అల్లుళ్ళ మాదిరే."

"వీటిని తింటాడా?"

"పిట్టకు వడియాలు పెడతారా సుంకమ్మా? ఇట్ట తే. అత్త తింటాది."

సుంకమ్మ ఆమె పక్కనే కూచుంది. పెరటిగుమ్మం దగ్గర కాక, ఒకే నీడలో, ఒకే దొప్పలోంచి ఇద్దరూ తిన్నారు. అది కంబక్క జన్మలో మొదటిసారి.

అట్లా మృగశిర కార్తె తొలిపొద్దు వచ్చింది. ఊరంతా నారేప చెట్టు కింద చేరింది. గోడ గోడలాగే ఉంది. ఆకాశం ఆకాశంలాగే ఉంది. బసిరెడ్డి చేతిలో బాడిస ఉంది. అతని ముఖాన సంతోషం లేదు.

"అక్కా, మాట మాటే గదా."

"మాటే నాయనా. తొలిపొద్దు దాకా అన్నావు. పొద్దు ఇంకా గుట్ట దాటి చెట్టు మీదికి రాలేదు. ఈలోగా పైకెక్కు. చెవి పెట్టు."

బసిరెడ్డి నిచ్చెన ఎక్కి మానుకు చెవి ఆనించాడు. లోపల ఏదో కొడుతున్నది. ఆగి ఆగి కొడుతున్నది. కంబక్క కిందినుంచి మెల్లగా అంది:

"నిన్నటినుంచి కూడు ముట్టలేదు. రాలిన ఈక పొట్టు సందులోంచి బయటికి తోసింది. మొన్నటి దాకా మెత్తిన గోడనే ఈ పొద్దు పొడుస్తాండాది. నొప్పులు మొదలైన ఇంట్లో మగోళ్ళు ఏం చేస్తారు రెడ్డీ?"

"బయట కూచుంటారు."

"పోయి కూచో."

బసిరెడ్డి దిగాడు. బాడిసను నేల మీద పెట్టాడు. ఒడిలో చేతులు పెట్టుకొని కూచున్నాడు. అతన్ని చూసి కాటమయ్య, సుంకమ్మ, డప్పులవారు, పిల్లల తల్లులు అందరూ కూచున్నారు. ఎవరికీ చేయవలసిన పని ఏదీ లేదు. లోపల తల్లి కొడుతున్నది. బయట ఊరు వింటున్నది. ఎండ చెట్టు మీదికి వచ్చింది. తొలిపొద్దు దాటిపోయింది. బసిరెడ్డి లేవలేదు. గడువు సంగతి ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి ఒక పెళ్ళ రాలింది. తరువాత మరొకటి. మూడవది రాలినప్పుడు కొడవలి ముక్కు, కొమ్ము, రెప్పవెంట్రుకల కన్ను బయటికి వచ్చాయి. ఆపై ఒళ్ళంతా వచ్చింది. నిగనిగలాడే కొత్త బూడిదరంగు రెక్కలు. తోక కొన తెలుపుకు మట్టి ఇంకా అంటి ఉంది. ఆ తల్లి కొమ్మ మీద కూచొని ఒక్కసారి ఒళ్ళు దులుపుకుంది. నాలుగుసార్లు రెక్క కొట్టింది. చాచి జారింది. గుట్ట మీదుగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ అదే కొమ్మకు వచ్చింది. తొర్రలోంచి రెండు లేతముక్కులు దానికోసం తెరుచుకున్నాయి. గంపలోని మగపక్షి, కట్టు విప్పిన రెక్కతో, ఎగిరీ ఎగరనట్టు పోయి దాని పక్కన వాలింది.

జనంలో ఎవరి చంకలోనో నిద్రపోతున్న పసిబిడ్డ మేలుకొని ఏడ్చింది. ఆ ఏడుపు వినబడ్డాకనే ఊరు కదిలింది.

బసిరెడ్డి లేచి, కంబక్క పాదాలకు చుట్టిన ఆకుకట్ల మీద చేతులు పెట్టి మొక్కాడు. "విడుపు ముగిసింది," అన్నాడు. పండుగ కుండను ఎవరు మోయాలన్న మాట వచ్చింది. బసిరెడ్డి కంబక్క నెత్తిన పెట్టించాడు. మైల అన్న మాట ఆనాడు ఎవరి నోటా రాలేదు.

వాన ఆరోజు రాలేదు. మరునాడు రాలేదు. ఆరుద్ర కార్తెలో వచ్చింది. పిట్ట తెచ్చిన వాన అన్నారు కొందరు. కంబక్క తెచ్చిన వాన అన్నారు కొందరు. కంబక్కను అడిగితే, "వానకు రెక్కలొచ్చినాయి, వచ్చింది," అంది.

ఆ తరువాత ఆమె మూడేళ్ళు బతికింది. ప్రతి బారసాలకూ ఆమెకు మొదటి పిలుపు పోయేది. బిడ్డ చెవిలో పేరు చెప్పేది ఆమే. మూడో ఏట, చలికాలంలో, నిద్రలో కన్నుమూసింది. ఊరి వెలుపల ముళ్ళనేలలో పాతిపెట్టారు. రాయి నాటే ఆనవాయితీ ఆమెవంటివారికి ఆనాడు లేదు. గుర్తుగా ఒక ఎండు చండ్రకొమ్మను పాతారు.

ఆ కొమ్మ మీదికి కొమ్ముపిట్టలు వచ్చాయి. వంకలో జువ్వి తిన్నవి వచ్చాయి, మేడి తిన్నవి వచ్చాయి, నేరేడు తిన్నవి వచ్చాయి. కూచున్నాయి, గింజలు రాల్చాయి, పోయాయి. వానకు ఆ గింజలు మొలిచాయి. మన్ను ఎర్రనిదే, రాయి నల్లనిదే, చెట్లు మాత్రం పొడుగయ్యాయి. ముళ్ళ సీమ నడుమ మూడు జాతుల పండ్లచెట్లతో ఒక చల్లని తోపు లేచింది. ఎవరూ నాటలేదు. ఎవరూ నీళ్ళు పోయలేదు. పక్షులు తమ తల్లికి కట్టుకున్న సమాధి అది.

నాటినుండి నేటిదాకా ఆ సీమలో మట్టితో మూసిన తొర్ర కనిపిస్తే, ఆ చెట్టును పురిటిచెట్టు అంటారు. దాని మీద గొడ్డలి వేయరు. దాని కింద డప్పు కొట్టరు. కొమ్ముపిట్ట పండు పట్టుకొని ఎగురుతూ కనిపిస్తే, "కంబక్క అల్లుడు పోతాండాడు, తోవ ఇడవండి," అని పిల్లలకు చెప్పి నవ్వుకుంటారు. పురిటిగది తలుపు దగ్గర మూడుసార్లు మెల్లగా కొట్టి, లోపలినుంచి తల్లి పలికితేనే అడుగు పెడతారు. పలకకపోతే, ఎంత పెద్దవారైనా, గుమ్మంలోనే నిలుచుంటారు.

విడుపు పండుగ ఇప్పటికీ జరుగుతుంది. ఊరిపెద్ద దూడ పలుపు విప్పుతాడు. కముజు బుట్ట తెరుస్తాడు. మూడవ విడుపుకు ఏ ముడీ విప్పడు, ఏ తలుపూ తీయడు. బాడిసను నేల మీద పెట్టి, చేతులు ఒడిలో పెట్టుకొని కూచుంటాడు. ఊరంతా అట్లాగే కూచుంటుంది. దానిని కంబక్క వంతు అంటారు. జనంలో ఎక్కడో ఒక పసిబిడ్డ ఏడ్చేదాకా ఎవరూ లేవరు. ఏడుపు వినబడగానే, "వచ్చింది తల్లీ," అని అందరూ ఒక్కసారి నేలకు మొక్కి లేస్తారు.

ఈ కథ చెప్పినవారికి నోరు చల్లనగుగాక. విన్నవారి ఇండ్లలో పురుళ్ళు సులువగుగాక. కడుపున మోసే తల్లికి కాలం కలిసివచ్చుగాక. కూడు మోసే రెక్కకు దెబ్బ తగలకుండుగాక. లోపలున్న ప్రతి ప్రాణీ, తన పొద్దున, తన బలంతో, వెలుగులోకి వచ్చుగాక. స్వస్తి.